వంతెనకు అసలు బరువు లారీలది కాదు

నది మధ్యలో రెండు పిల్లర్ల మీద నుంచి రెండు కాంక్రీటు చేతులు ఒకదాని వైపు ఒకటి సాగుతూ ఉంటాయి. కింద ఆసరా ఏమీ ఉండదు. వారానికి నాలుగైదు మీటర్ల చొప్పున గాల్లోకి పెరుగుతూ పోతాయి. ఇలాంటి పని జరిగే చోటికి సర్వేయర్ తెల్లవారకముందే వస్తాడు. పొద్దెక్కాక వచ్చి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎండ పడ్డ పైభాగం వేడెక్కి సాగుతుంది, నీడలో ఉన్న అడుగుభాగం చల్లగానే ఉంటుంది. దాంతో అరవై డెబ్భై మీటర్ల పొడవున్న ఆ చేయి కొస కిందికి వంగుతుంది. రాత్రి చల్లబడితే మళ్లీ లేస్తుంది. అందుకని పైనా కిందా దాదాపు ఒకే వేడి ఉండే ఆ గంటలోనే కొలత తీసుకుని, తర్వాతి ముక్కని ఎంత ఎత్తులో పొయ్యాలో తేలుస్తారు.

ఆ ఎత్తు డ్రాయింగ్‌లో ఉన్న రోడ్డు మట్టం కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. ఎందుకంటే తర్వాత వచ్చే ముక్కల బరువుకి చేయి కొంత వంగుతుంది. రెండు చేతులూ కలిశాక ఇంకొంత. రోడ్డు తెరిచాక ఏళ్ల తరబడి మరికొంత. ఈ మూడోది ఎంత ఉంటుందన్నదే పొడవాటి కాంక్రీటు వంతెనల్లో ఇప్పటికీ తెగని లెక్క. వంతెన ఎంత బరువు మోస్తుందో చెప్పడం మనకి బాగా వచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత అది ఎలా ఉంటుందో చెప్పడం అంత బాగా రాదు. వచ్చినట్టే డిజైన్లు చేస్తున్నాం, టెండర్లు పిలుస్తున్నాం, రిబ్బన్లు కత్తిరిస్తున్నాం. నా అభ్యంతరం అక్కడే.

వంతెన అనగానే దాని మీద బారులు తీరిన లారీలు గుర్తొస్తాయి. చిన్న కల్వర్టుకి ఆ ఊహ సరైనదే. స్పాన్, అంటే రెండు పిల్లర్ల మధ్య దూరం, పెరిగే కొద్దీ లెక్క తిరగబడుతుంది. ఒక మీటరు వంతెన ఎంత బరువుందో అంతే ఉంచి, పిల్లర్ల మధ్య దూరం రెట్టింపు చేస్తే వంచే ప్రభావం నాలుగు రెట్లవుతుంది. దాన్ని తట్టుకోవాలంటే గర్డర్ (పిల్లర్ల మీద పరిచే దూలం) లోతు పెంచాలి, లోతు పెంచితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే వంచే ప్రభావం మళ్లీ పెరుగుతుంది. ఘనమీటరు కాంక్రీటు దాదాపు రెండున్నర టన్నులు తూగుతుంది మరి. రెండు వందల మీటర్ల స్పాన్ దగ్గరికి వచ్చేసరికి గర్డర్ మోసే మొత్తంలో నాలుగింట మూడు వంతుల పైచిలుకు దాని సొంత బరువే. ఆ దశలో లారీలు దాదాపు చుట్టాల కిందే లెక్క, వస్తాయి పోతాయి. సొంత బరువు మాత్రం పగలూ రాత్రీ, సెలవు రోజుల్లో కూడా దిగదు.

ఈ బాధ తప్పించుకోవడానికి ఇంజనీర్లు ఏం చేశారో చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. నార్వేలో 1998లో పూర్తయిన స్టోల్మా వంతెన 301 మీటర్ల స్పాన్‌తో కాంక్రీటు గర్డర్లలో రికార్డు కొట్టింది. నడిమి భాగానికి తేలికరకం కాంక్రీటు వాడారు కాబట్టే అది సాధ్యమైంది. చైనాలో చోంగ్‌చింగ్‌లోని షిబాన్‌పో వంతెన 2006లో 330 మీటర్లకి వెళ్లింది. అక్కడ నట్టనడుమ వంద మీటర్ల పైచిలుకు కాంక్రీటే తీసేసి ఉక్కు పెట్టె పెట్టారు. కాంక్రీటు వంతెన ఇంకా దూరం దాటాలంటే మధ్యలోంచి కాంక్రీటునే తప్పించాల్సి వచ్చింది!

బరువు ఒక్కటే అయితే ఉక్కు పెంచి సరిపెట్టుకోవచ్చు. కాలం దాంతో కలిసింది కాబట్టే ఇంత చిక్కు. 1911లో ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ ఫ్రెస్సినే అలియే నది మీద మూడు ఆర్చీల కాంక్రీటు వంతెన కట్టాడు. బ్రహ్మాండంగా నిలబడింది. కొన్ని నెలలకి చూస్తే ఆర్చీల నడినెత్తి మెల్లగా కిందికి దిగుతోంది. పగుళ్లేమీ లేవు, బరువేమీ పెరగలేదు, కాంక్రీటు తనంతట తను కుంగుతోంది. అతను ఆర్చి నడుమ జాకీలు పెట్టి దాన్ని మళ్లీ పైకి లేపి వంతెనని కాపాడాడు. కాంక్రీటు గట్టిపడితే రాయితో సమానమని నమ్మే రోజులవి. నిరంతరం బరువు కింద ఉన్న కాంక్రీటు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అణుగుతూనే ఉంటుందన్న సంగతి అతని కళ్ల ముందే బయటపడింది. ఇప్పుడు దీన్నే క్రీప్ అంటున్నాం. ఎండిపోతూ కుంచించుకుపోవడం దీనికి అదనం, అది ష్రింకేజ్.

ఫ్రెస్సినే 1928లో పేటెంటు తీసుకున్న ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుకి మూలం ఈ దెబ్బే. సూత్రం పాతదే. బండి చక్రానికి కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగి నీళ్లు పోస్తే అది బిగుసుకుని కర్రముక్కలన్నిటినీ ఒకటిగా నొక్కిపెడుతుంది. అలాగే గర్డర్‌లో ఉక్కు తీగలు పోనిచ్చి, లాగి బిగిస్తే కాంక్రీటు నొక్కుడులో ఉంటుంది. నొక్కుడుని కాంక్రీటు బాగా భరిస్తుంది, సాగదీస్తే మాత్రం తేలిగ్గా పగులుతుంది. అంతకుముందు చాలామంది ఇది ప్రయత్నించి ఎందుకు విఫలమయ్యారంటే, మామూలు ఇనుప ఊచని లాగితే అది సాగేదే కాస్త. క్రీపూ ష్రింకేజీ కలిసి కాంక్రీటుని అంత మేరా కురచ చేసేసరికి ఊచలో బిగువే మిగిలేది కాదు. బాగా గట్టి ఉక్కుని బాగా ఎక్కువగా సాగదీస్తే, కాంక్రీటు తినేసింది పోగా ఇంకా చాలా మిగులుతుంది. ఫ్రెస్సినే కనిపెట్టింది తీగని బిగించడం కాదు, ఎంత బిగువు పోతుందో ముందే లెక్కేసి అంతకి మించి బిగించడం.

ఈ బిగింపు పని దగ్గరుండి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చిటికెన వేలంత లావున్న ఏడు తీగల స్ట్రాండ్ ఒక్కోదాన్ని పంతొమ్మిది ఇరవై టన్నుల బలంతో లాగుతారు. అలాంటివి పంతొమ్మిది కలిపితే ఒక కేబుల్. వంద మీటర్ల కేబుల్ లాగేసరికి అర మీటరుకు పైనే సాగి జాక్ వెనక బయటికొస్తుంది. జాక్ వెనక ఎవర్నీ నిలబడనివ్వరు. కేబుల్ కొసని పట్టి ఉంచే యాంకర్ జారితే ఆ తీగలు బాణాల్లా వస్తాయి. ఒకడు ప్రెజర్ మీటరు చదువుతాడు, ఇంకొకడు స్కేలు పట్టుకుని ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో చెప్తాడు, మూడోవాడు రాసుకుంటాడు. లెక్కలో వచ్చిన సాగుడుకీ స్కేలు మీద చూసినదానికీ తేడా అయిదారు శాతం దాటితే పని ఆపి వెతకాలి. లోపల గొట్టంలో సిమెంటు పాలు కారి గడ్డకట్టి ఉండొచ్చు, కేబుల్ ఎక్కడో ఇరుక్కుని ఉండొచ్చు. ఆ రిజిస్టరులో అంకెలన్నీ లెక్కకి అతికినట్టు సరిపోతే మాత్రం నాకు అనుమానమే. నిజంగా కొలిచిన అంకెలు అంత ముద్దుగా ఉండవు.

కింద ఆసరా లేకుండా రెండు వైపులా సమానంగా ముక్కలు పోసుకుంటూ పోయే పద్ధతిని ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటులో నిలబెట్టింది జర్మనీకి చెందిన ఉల్రిక్ ఫిన్‌స్టర్‌వాల్డర్. 1951లో లాన్ నది మీద 62 మీటర్లు, 1953లో వర్మ్స్ దగ్గర రైన్ నది మీద 114 మీటర్లు, 1965లో బెండార్ఫ్ దగ్గర 208 మీటర్లు. పదిహేనేళ్లలో మూడు రెట్లకు పైగా! 1962లో పారిస్ పక్కన ష్వాజీ-ల-ర్వా దగ్గర జాన్ ముల్లెర్ ఇంకో అడుగు ముందుకేశాడు. ముక్కల్ని ముందే యార్డులో పోసి తెచ్చి అతికించాడు. ఒక ముక్క ముఖాన్నే అచ్చుగా వాడి దాని పక్క ముక్క పోస్తారు కాబట్టి రెండూ కవల పిల్లల్లా కుదురుతాయి, మధ్యలో ఎపాక్సీ జిగురు పూసి నొక్కితే చాలు. ఇవాళ కిలోమీటర్ల కొద్దీ ఫ్లైఓవర్లు రోజుకి కొన్ని ముక్కల చొప్పున లేస్తున్నాయంటే ఆ పద్ధతి చలవే.

పెరిగిన చేతులు రెండూ మధ్యలో కలిసే చోట ఏం చెయ్యాలి? తొలి తరం డిజైనర్లు అక్కడ హింజ్ పెట్టారు, అంటే తలుపు బందులాంటి కీలు. కాగితం మీద ఇది చాలా తెలివైన పని. రెండు చేతులూ వేటికవే నిలబడతాయి, లెక్క సులువు, వేడికి సాగడానికీ కుంచించుకోవడానికీ చోటుంటుంది. కానీ చేయి కుంగితే కొస దగ్గర పట్టి ఆపేది ఏమీ లేదు. రెండు వైపుల నుంచీ కుంగి హింజ్ దగ్గర లోయలా తయారవుతుంది. మీద వెళ్లే బండి ఆ లోయలో దబ్బుమని పడుతుంది, ప్రతి దెబ్బకీ హింజ్ అరుగుతుంది, అరిగిన కొద్దీ దెబ్బ పెరుగుతుంది.

పసిఫిక్‌లోని పలావు దేశంలో కోరోర్, బాబెల్దావోబ్ ద్వీపాల మధ్య 1977లో కట్టిన వంతెన స్పాన్ 241 మీటర్లు. అప్పట్లో ఆ రకంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. 18 ఏళ్లలో నడిమధ్య మీటరుకు పైగా కుంగింది. డిజైన్‌లో అనుకున్నదానికి ఇది రెండింతలు దాటింది. హింజ్ తీసేసి రెండు చేతుల్నీ కలిపి, కొత్త కేబుళ్లు వేసి బిగించారు. ఆ మరమ్మతు అయిన మూడు నెలలకి, 1996 సెప్టెంబర్ 26న, గాలీ వానా లేని వేళ వంతెన నీళ్లలోకి కూలింది. ఇద్దరు చనిపోయారు. తాగునీరు, కరెంటు లైన్లు దాని మీదుగానే వెళ్లేవి కాబట్టి దేశమే ఇరుకున పడింది.

ఆ విచారణ వివరాలు కోర్టు ఒప్పందాల మాటున చాలా ఏళ్లు మూతబడి ఉండిపోయాయి. 2008లో బయటికొచ్చాక అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జ్డెనెక్ బజాంత్ బృందం వాటిని తవ్వింది. తేలిందేమిటంటే, కొన్నేళ్లకి క్రీప్ ఆగిపోతుందని చాలా డిజైన్ కోడ్‌లు అనుకున్నాయి గానీ అది ఆగదు. నెమ్మదిస్తుందే తప్ప దశాబ్దాల పాటు సాగుతూనే ఉంటుంది. ఇంకోటి, పెట్టె ఆకారపు గర్డర్‌లో పిల్లర్ దగ్గర అడుగు పలక బాగా మందం, పై పలక పలచన. మందం రెట్టింపైతే ఎండడానికి నాలుగు రెట్ల కాలం పడుతుంది. అంటే పైదీ కిందదీ వేర్వేరు వేగాలతో కుంచించుకుపోతాయి. మొత్తానికి ఒకే సగటు మందం వేసుకుని చేసిన లెక్కకి ఇది అందదు. ఇలా అంచనాకి మించి కుంగిన వంతెనలు దేశదేశాల్లో డజన్ల కొద్దీ ఉన్నాయని ఆ బృందం జాబితా కట్టింది. నన్ను ఆలోచనలో పడేసింది కుంగుడు కన్నా ఆ మూత. ఒక వంతెన కూలడంలో ఉన్న పాఠం పన్నెండేళ్లు తాళం వేసుకుని ఉంటే, ఆ మధ్యలో డిజైన్ చేసిన వంతెనలన్నీ పాత లెక్కతోనే అయినట్టు.

హింజ్‌లు ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదు, చేతులు కలిశాక అడుగున కేబుళ్లు వేసి ఏకఖండం చేస్తున్నారు. సంతోషం. కానీ కాంక్రీటు వయసు సంగతి అలాగే ఉంది. రెండు మూడు రోజుల పసి కాంక్రీటుని నొక్కితే, నెల రోజుల కాంక్రీటు కన్నా ఎక్కువ క్రీప్ అవుతుంది. ఇది కొత్త సంగతేం కాదు, ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. అయినా ముక్కకీ ముక్కకీ మధ్య వ్యవధిని ఏడు రోజుల నుంచి ఐదుకి, ఐదు నుంచి నాలుగుకి తగ్గించమనే ఒత్తిడి సైటులో ఎప్పుడూ ఉంటుంది. గడువు కన్నా ముందే పూర్తి చేశామని గొప్పగా చెప్పుకుంటాం. ముందు పూర్తయిన ఆ మూడు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయి? కొంత మంచి ప్లానింగ్ వల్ల రావొచ్చు. మిగతాది వంతెన ముసలితనం నుంచి తెచ్చిన అప్పు. ముందే పోసి యార్డులో నెలల తరబడి ఆరబెట్టిన ముక్కలకి ఈ విషయంలో మంచి మార్కులు వెయ్యాలి.

కుంగుడు కనీసం కంటికి కనబడుతుంది. కేబుల్ తుప్పు కనబడదు. బిగించాక కేబుల్ ఉన్న గొట్టాన్ని సిమెంటు గ్రౌటుతో నింపుతారు, గాలీ తేమా తగలకుండా. గ్రౌటులో నీళ్లు ఎక్కువైతే అవి పైకి తేలి, గొట్టం ఎత్తుగా వంగిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి ఏ అతుకులోంచో ఉప్పునీరు చేరితే తీగలు లోపలే ఒక్కొక్కటీ తెగుతాయి. పైన కాంక్రీటు నున్నగా, రంగు కూడా మారకుండా ఉంటుంది. 1985 డిసెంబరులో వేల్స్‌లో ఇనిస్-ఇ-గ్వాస్ అనే చిన్న వంతెన ఇలాగే, మీద ఒక్క బండి కూడా లేనప్పుడు, సొంత బరువుకే కూలింది. ఆ దెబ్బకి బ్రిటన్ రోడ్ల శాఖ 1992లో ఈ రకం కొత్త వంతెనలకి అనుమతులు నిలిపేసి, నియమాలు తిరగరాశాక 1996లో కొన్నిటికి సడలించింది. ఫ్లోరిడాలో మిడ్ బే వంతెన తెరిచి ఏడేళ్లకే, 2000లో, తెగిన కేబుళ్లు బయటపడ్డాయి. 2024 సెప్టెంబర్ 11న జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1971 నాటి కరోలా వంతెనలో ఒక భాగం అర్ధరాత్రి దాటాక నదిలోకి దిగిపోయింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడా లోపలి తీగలు పుచ్చిపోవడమే ముఖ్య కారణం.

ఇటలీలోని జెనోవాలో 2018 ఆగస్టు 14న 43 మందిని బలిగొన్న పోల్చెవెరా వంతెన సంగతి చాలామందికి తెలుసు. డిజైనర్ రికార్డో మొరాండి వేలాడే ఉక్కు కేబుళ్లని కాంక్రీటు తొడుగులో దాచాడు. చూడ్డానికి అందంగా, తుప్పు నుంచి కాపాడేట్టు అనిపించింది. తొడుగు లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. పదకొండో నంబరు టవర్ కేబుళ్లకి 1990ల మొదట్లో బయటి నుంచి కొత్త ఉక్కు వేసి బలం చేకూర్చారు. కూలింది తొమ్మిదో నంబరు. ఒకే వంతెన, ఒకే వయసు, ఒకే సముద్రపు గాలి. ఒకదాని జబ్బు దొరికింది, ఇంకోదానిది దొరకలేదు.

కాబట్టి వంతెన డిజైన్ నా ముందుకొస్తే నేను మొదట అడిగేది స్పాన్ ఎంత అని కాదు, మనిషి లోపలికి ఎలా వెళ్తాడు అని. పెద్ద వంతెన గర్డర్ బోలుగా ఉండే పొడవాటి పెట్టె. పిల్లర్ దగ్గర పది పన్నెండు మీటర్ల ఎత్తున గుడి గోపురం లోపల నిలబడ్డట్టు ఉంటుంది, నడిమధ్యకి వచ్చేసరికి నాలుగు మీటర్లకి తగ్గుతుంది. పైన బండ్లు వెళ్తుంటే ఆ చీకట్లో ఉరుము దొర్లినట్టు వినబడుతుంది. టార్చి వేసి చూసేవాడు చూడాల్సినవి నాలుగైదే: కేబుల్ యాంకర్ల దగ్గర తుప్పు చార, గోడ మీద తెల్లటి సున్నపు మరక, సుత్తితో తడితే బోలుగా పలికే చోటు, వర్షం వెలిసిన మర్నాడు కూడా నేల మీద నిలిచిన నీళ్లు. మనిషి బోర్లా పాకితే గానీ దూరలేని సందు పెట్టి, నిచ్చెన లేకుండా, లైటు లేకుండా వదిలేస్తే ఏడాదికోసారి జరగాల్సిన తనిఖీ ఎలా జరుగుతుందో ఊహించుకోవచ్చు. కింద రోడ్డు మీద నిలబడి "బాగానే ఉంది" అని రాసుకుపోతారు.

కేబుళ్లు ఎక్కడ పెట్టాలన్నదీ ఇందులోంచే వస్తుంది. గోడ కాంక్రీటులో పూడ్చేస్తే ఉక్కు పొదుపవుతుంది. పెట్టె లోపల గాలిలో బయటికి కనబడేట్టు పెడితే కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ చూడొచ్చు, కావాలంటే మార్చొచ్చు. ఫ్లోరిడా తన చేదు అనుభవం తర్వాత చాలా కేబుళ్లకి సిమెంటు గ్రౌటు మానేసి మైనం లాంటి మెత్తటి పదార్థం నింపిస్తోంది, పాడైన కేబుల్ లాగేసి కొత్తది దూర్చడానికి వీలుగా. కొన్ని కోడ్‌లు రేపటి కేబుళ్ల కోసం ఖాళీ యాంకర్లు ముందే పెట్టమంటున్నాయి. కట్టేటప్పుడు ఈ ఖాళీ రంధ్రాలకి అయ్యే ఖర్చు మొత్తంలో లెక్కలోకి రానంత చిన్నది. తర్వాత పెట్టాలంటే దాదాపు అసాధ్యం. అయినా టెండరులో తక్కువ కోట్ చేసినవాడికే పని ఇచ్చే పద్ధతిలో ముందు ఎగిరిపోయేది ఇలాంటి చిల్లరే.

ఇంత తలనొప్పి ఎందుకు, చిన్న స్పాన్లు పక్కపక్కన పెట్టుకుంటూ పోతే పోలేదా అనొచ్చు. పోతుంది, నీళ్లు లోతు లేనప్పుడు. అమెరికాలోని లూసియానాలో పాంచర్‌ట్రైన్ సరస్సు మీద 1956లో తెరిచిన వంతెన దాదాపు 38 కిలోమీటర్లు, అంతా ఫ్యాక్టరీలో పోసిన చిన్న ముక్కల వరసే. అయితే కిలోమీటరు కాంక్రీటు ముప్పై డిగ్రీల తేడాకి దాదాపు ఒక అడుగు సాగుతుంది. ఆ అడుగుని ఎక్కడో ఒకచోట జాయింట్లుగా పంచాలి. జాయింట్ అంటే లీకేజీ, లీకేజీ అంటే కింద బేరింగ్‌కీ (పిల్లర్ మీద గర్డర్ కూర్చునే దిమ్మ) గర్డర్ కొసకీ తడి. వంద జాయింట్లు పెడితే వంద చోట్ల రోగం. కెనడాలో 1997లో తెరిచిన 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెన రెండో దారి పట్టింది. 250 మీటర్ల స్పాన్లు, ఒక్కోటి సుమారు 7,500 టన్నుల గర్డర్లని ఒడ్డున పోసి తేలే క్రేన్‌తో తెచ్చి పెట్టారు. వందేళ్ల ఆయుష్షుకి డిజైన్ చేశామన్నారు. అది నిజమో కాదో చూడ్డానికి మనం ఉండం గానీ, ఎన్నేళ్లో ముందే చెప్పి దానికి తగ్గ కాంక్రీటు అడగడం మాత్రం మంచి అలవాటు.

రెండో ప్రశ్న కూడా డ్రాయింగ్ దశలోనే అడగాలి. ఈ వంతెనకి పెద్ద మరమ్మతు వస్తే బండ్లు ఎటు పోతాయి? పట్నాలో గంగ మీద మహాత్మాగాంధీ సేతు 1982లో తెరిచారు. 5.575 కిలోమీటర్లు, 121 మీటర్ల స్పాన్లు, ప్రతి స్పాన్ నడిమధ్య హింజ్. పలావులో జరిగిన కుంగుడే ఇక్కడా జరిగింది, ఒక చోట కాదు, వరసగా. ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి, చివరికి పైనున్న కాంక్రీటు గర్డర్లన్నీ కోసి దించేసి ఉక్కు ట్రస్సులు, అంటే ఉక్కు కమ్మీలతో అల్లిన చట్రాలు, పెట్టాలని తేల్చారు. అది సాధ్యమైందీ అంటే కారణం ఒక్కటే. పైకి ఒకే వంతెనలా కనబడినా అది పక్కపక్కన నిలబడ్డ రెండు గర్డర్ల వరస, రాకకొకటి, పోకకొకటి. పడమటి సగం విప్పుతుంటే తూర్పు సగం మీద రెండు వైపుల బండ్లూ ఈదులాడుతూ నడిచాయి. 2020లో పడమటి సగం ఉక్కుతో తెరిచారు, బండ్లు దాని మీదకి మళ్లాయి, తూర్పు సగం కోత మొదలైంది. 2022లో అదీ తెరిచారు. నదిలో బావి పునాదులూ పిల్లర్లూ పాతవే, 1982 నాటివే.